ఆంగ్లదేశపు పురుగులు, మా కుంచె

సంఘమువారు ఈ సంచికకు ఒక సాంస్కృతిక వ్యాసము వ్రాసి యిమ్మని అడిగినప్పుడు మేము రెండు వారములు మారుపలుకక ఊరకుంటిమి. మేము కవులము కాము. శాసనములు చదివినవారము కాము. సంగీతము విని సంతోషించుటయే కాని దానిని గూర్చి పలుకుటకు చాలినవారము కాము. ముప్పదినాలుగు సంవత్సరములు ఒక వ్యవసాయ కళాశాలలో కూర్చుండి పురుగుల బొమ్మలు వేసినవారము. ఉద్యోగము ముగిసిన పిదప ఆంగ్లదేశమునకు పోయి అచటి పురుగుల బొమ్మలును కొన్ని వేసినవారము. ఇందులో సంస్కృతి యేమున్నదని కార్యదర్శిగారినే అడిగితిమి. "అదే వ్రాయండి. పాటలను గూర్చి వ్రాసేవారు మాకు చాలామంది ఉన్నారు" అని వారు నవ్విరి. కనుక ఈ పుటలలో పాఠకులకు పురుగులు తప్ప మరేమియు దొరకవని ముందుగనే మనవి చేయుచున్నాము.

మా కుటుంబము కోయంబత్తూరు సీమలో తరతరములుగ ఉన్నది. ఇంట తెలుగు, వీధిలో తమిళము, కళాశాలలో ఇంగ్లీషు, పురుగుల పేర్లకు లాటిను. ఈ నాలుగింటి నడుమ మా జీవితము గడచినది. 1974లో మేము చిత్రకారుని ఉద్యోగమున చేరిననాడు మా తల్లి అడిగిన మాట యిప్పటికిని చెవిలో నున్నది: "దేవుళ్ళ బొమ్మలు వేయక చీడపురుగుల బొమ్మలు వేస్తే ఎవరు ఇంట్లో పెట్టుకుంటారు నాయనా?" ఎవరును పెట్టుకొనలేదు. ఆ పటములు గ్రామములలోని సహకార సంఘముల గోడలకును, ఎరువుల అంగళ్ళకును పోయెను. వరికాండమును తొలుచు పురుగు, పత్తికాయను తొలుచు పురుగు, కొబ్బరి మొవ్వును తినివేయు కొమ్ముపురుగు. ఒక్కొక్కదానికి గ్రుడ్డు, గొంగళి, ప్యూపా, రెక్కలు వచ్చిన పురుగు, ప్రక్కన అది చేసిన నష్టము. రైతు ఆ బొమ్మను చూచి తన పొలములోని పురుగును గుర్తుపట్టవలెను. మేము నేర్చిన విద్య యంతయు ఆ ఒక్క అవసరమునకు కట్టుబడినది.

2008లో ఉద్యోగము ముగిసినది. మరుసటి సంవత్సరము మే నెలలో మా కుమార్తె కడకు పోయితిమి. ఆమె ఆంగ్లదేశపు దక్షిణ తీరమున డార్సెట్ అను జిల్లాలో వైద్యురాలు. సుద్దరాతి గుట్టలు, వానిపై పొట్టి గడ్డి, గొఱ్ఱెలు, ఆవల సముద్రము. చలికి శాలువ కప్పుకొని పెరటిలో నిలిచియుండగా, ఇటుకరంగు రెక్కలు, నల్లని కొనలయందు తెల్లని చుక్కలు గల సీతాకోకచిలుక యొకటి మా ముందున్న రాతిపై వ్రాలినది. దాని వెనుక మరియొకటి. సాయంకాలము లోపల లెక్క తప్పినది. ఆ చిలుకను మేమెరుగుదుము. 1981లో కోయంబత్తూరున ఒక గోడపటము కొరకు దానినే, వానెస్సా కార్డుయీ అను శాస్త్రనామముతో, వేసియుంటిమి. ఆంగ్లేయులు దానిని పెయింటెడ్ లేడీ అందురు. రంగులు పూసికొన్న దొరసాని యని చెప్పుకొనవచ్చును. ఆఫ్రికా, ఐరోపా, ఆసియా, ఉత్తర అమెరికా ఖండములన్నింటను తిరుగాడు దేశదిమ్మరి యిది. 2009 వసంతమున అవి దక్షిణపు దిక్కునుండి లక్షల సంఖ్యలో బ్రిటనుకు వచ్చిపడినవని తరువాత పత్రికలలో చదివితిమి. మాకు మాత్రము ఆనాడు తోచినది ఒక్కటే: ఊరు కాని ఊరిలో మమ్ము మొదట పలుకరించినది పాత పరిచయస్థురాలు.

మా సంతోషమును చూచి మా కుమార్తె గ్రంథాలయమునుండి ఒక పుస్తకము తెచ్చి యిచ్చినది. అది బ్రిటను, ఐర్లండులలోని 'మాత్'లను గూర్చిన చేతిపుస్తకము. ఈ మాత్ అను మాటకు మనకు స్థిరమైన తెలుగు లేదు. చిమ్మట యని కొందరందురు. ఆ మాట వినగనే రాత్రి కూయు కీచురాయి స్ఫురించువారును కలరు. మేము మా యింటి మాటయగు దీపపు పురుగు అనియే వ్రాసెదము. చేతిపుస్తకము అనగా సంచిలో వేసికొని పొలమునకో అడవికో పోయి, కంటబడిన జీవిని అచటికచట పోల్చుకొనుటకు పనికివచ్చునది. బ్రిటనులో సీతాకోకచిలుకలు అరువదికి లోపు జాతులు. దీపపు పురుగులు రెండువేల అయిదువందలు. అన్ని కీటకములును కలసి యిరువదినాలుగు వేలకు పైమాట. ఇంత చిన్న దేశమున ఇన్ని పురుగులా యని ఆశ్చర్యపడనక్కరలేదు. మన దేశమున ఇంకను ఎక్కువ; వానిని సంచిలో పుస్తకము వేసికొని వెదకు అలవాటే మనకు తక్కువ.

ఆ పుస్తకము తెరచి మేము కొంతసేపు మాటలేక కూర్చుంటిమి. మేము చూచి నేర్చుకొన్న గ్రంథములన్నింటను దీపపు పురుగు నాలుగు రెక్కలు పరచుకొని, గుండుసూదికి గ్రుచ్చిన భంగిమలో నుండును. ముందురెక్కల వెనుక అంచు దేహమునకు అడ్డముగ, కొలబద్దతో గీచినట్లు నిలువవలెనని నియమము. ప్రాణమున్న ఏ పురుగును ఆ విధముగ కూర్చుండదు. 2003లో వెలువడిన ఈ పుస్తకమును పాల్ వేరింగ్, మార్టిన్ టౌన్‌సెండ్ అనువారు వ్రాయగా, రిచర్డ్ లెవింగ్టన్ బొమ్మలు వేసిరి. ఇందులో పురుగులు గోడపైనను, చెట్టు బెరడుపైనను సహజముగ వ్రాలియుండు తీరున రెక్కలు ముడుచుకొని యున్నవి. ఒకటి విరిగిన పుల్లవలె నున్నది. ఒకటి పక్షిరెట్టవలె నున్నది. ఒకటి ఎండుటాకే యని తోచును. మేము ముప్పదినాలుగేండ్లు వేసినవి శవములని ఆ రాత్రి మాకు తెలిసినది. కొంచెము కష్టముగనే యుండెను.

ఈ విద్యకు ఆ దేశమున పెద్ద వంశవృక్షమే కలదు. ఎలియాజర్ ఆల్బిన్ అను చిత్రకారుడు 1720లో ఆంగ్లదేశపు కీటకములను గూర్చి నూరు పటములతో ఒక గ్రంథము వెలువరించెను. పిదప మోజెస్ హారిస్. ఆయన కాలమున లండనులో ఆరీలియనులని పిలుచుకొను సీతాకోకల ప్రియులకు ఒక సంఘముండెడిది. సత్రమున కూడుకొని తాము పట్టిన చిలుకలను ఒకరికొకరు చూపుకొనెడివారు. 1748 మార్చిలో కార్న్‌హిల్ వీధికి నిప్పంటుకొని, వారు సమావేశమై యుండగనే మంటలు వచ్చిపడెను. సభ్యులు టోపీలును చేతికర్రలును విడిచి పరుగెత్తిరి; సేకరణలు, పుస్తకములు బూడిద యయ్యెను. హారిస్ తరువాత 1766లో 'ది ఆరీలియన్' అను గ్రంథమును అచ్చొత్తించినప్పుడు, చిలుక ప్రక్కన దాని గొంగళిని, ప్యూపాను, అది తిను మొక్కను చేర్చి చూపెను. ఎఱుపు, పసుపు, నీలములనుండి ఇతర వర్ణములు పుట్టు తీరును రంగుల చక్రముగ గీసి చూపినవారిలోను ఆయన యొకడు. ఎండిన చిలుక రంగు మారునని తెలిసినవానికి రంగు లెక్క కావలసివచ్చుట సహజమే.

మా కన్ను ఎక్కువకాలము నిలిచినది జాన్ కర్టిస్ కడ. నార్విచ్‌లో 1791లో పుట్టిన ఈయన 1824 మొదలు 1839 వరకు పదునారు సంవత్సరములు 'బ్రిటిష్ ఎంటమాలజీ' అను గ్రంథమును భాగములు భాగములుగ వెలువరించెను. మొత్తము పటములు 770. ఒక్కొక్క ప్రజాతికి ఒక్కొక్క పటము. పురుగు ప్రక్కన ఆ దేశపు మొక్క యొకటి. అడుగున పురుగు మూతిభాగములు విడివిడిగ, సూదిమొన యంత సన్నని గీతలతో. అచ్చు నలుపులో పడిన పిదప ప్రతి పటమునకును మనుషులు కూర్చుండి చేతితో రంగు వేయవలెను. కనుక ఏ రెండు ప్రతులును సరిగా ఒక్కటి కావు. ఒక ప్రతిలో ఆకు పచ్చగ, మరియొక ప్రతిలో కొంచెము పసుపుగ నుండును. ఆ పటములు వేసిన కర్టిస్‌కు చివరి సంవత్సరములలో చూపు పోయెను. ఆయన కూర్చిన బ్రిటిషు కీటకములు ఆయన గతించిన పిదప సముద్రము దాటి మెల్బోర్ను చేరినవి.

ఫ్రెడరిక్ ఫ్రోహాక్ అను మరియొకరు, చిన్ననాడే ఒక కంటి చూపు కోల్పోయినవారు, బ్రిటనులోని సీతాకోకలను గ్రుడ్డునుండి పెంచి, ప్రతి దశను చూచి వేసి 1924లో రెండు సంపుటములు ప్రకటించిరి. లార్జ్ బ్లూ అను నీలి చిలుక ఒక్కటి ఆయనను చాలకాలము ఏడిపించినది. దాని గొంగళి కొన్ని వారములు థైమ్ అను పూలమొక్కపై మేసి, పిదప క్రిందికి జారి మాయమగును. ఎచటికి పోవునో ఎవరికిని తెలియలేదు. 1915లో ఫ్రోహాక్‌ను ఆయన మిత్రులును ఆ గుట్టు విప్పిరి. చీమలు దానిని తమ బిడ్డయని భ్రమించి పుట్టలోనికి మోసికొనిపోవును. అది లోపల కూర్చుండి చీమపిల్లలనే తిని పెరుగును. ఈ చిలుక 1979లో బ్రిటనునుండి పూర్తిగ పోయినది. దానికి ఒకే జాతి ఎఱ్ఱచీమ కావలెననియు, గుట్టలపై గడ్డి పెరిగి నేల చల్లబడిన ఆ చీమ నిలువదనియు జెరెమీ థామస్ అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన తరువాత, 1983లో స్వీడను దేశమునుండి తెచ్చి మరల విడిచిరి. మేము 2012 జూనులో సోమర్సెట్ జిల్లాలోని కాలర్డ్ హిల్ అను గుట్టపై దానిని చూచితిమి. రెండు నిముషములు మాత్రమే. రెక్క మూసినప్పుడు అడుగుభాగపు నల్లచుక్కలను లెక్కించుటలో మునిగి, అది ఎగిరిపోవు సొంపును చూడ మరచితిమి. వృత్తిదోషము.

ఇచట మన తీరపు ముచ్చట యొకటి జ్ఞాపకము వచ్చుచున్నది. సామర్లకోటలో కంపెనీ వైద్యుడుగ నుండిన విలియమ్ రాక్స్‌బర్గ్ మన దేశపు చిత్రకారులచే వందలకొలది మొక్కల బొమ్మలు వేయించెను. వానినుండి ఎన్నిన మున్నూరింటితో, కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన పెద్ద గ్రంథము 1795 మొదలు లండనులో భాగములుగ వెలువడెను. బొమ్మలు వేసినవారి పేర్లు లోకమునకు దక్కలేదు. ఈనాటి ఆంగ్లదేశపు చేతిపుస్తకములలో చిత్రకారుని పేరు అట్టపైననే యుండును. ఇది గౌరవమే. కాని పేరున్నచోట పూచీయు నుండునని మాకు తరువాత తెలిసివచ్చినది. ఆ సంగతి చెప్పుటకే యింతదూరము వచ్చితిమి.

2013లో ఒక చిన్న ప్రకాశన సంస్థవారు ఆ ప్రాంతపు తోటలలో కనబడు కీటకములపై చేతిపుస్తకము తలపెట్టిరి. మా కుమార్తె స్నేహితురాలి మూలమున ఆరు పటములు మా పాలబడెను. ప్రతిఫలము చెప్పుకొనదగినది కాదు, మేమును అడుగలేదు.

పని యెట్లు సాగునో కొంచెము చెప్పవలెను. ముందుగ పురుగు. ఒక్కటి చాలదు. ఒకే జాతిలోని అయిదారింటిని ప్రక్కప్రక్కన పెట్టుకొని, వాని యన్నింటికిని సామాన్యమైన దేదో తీయవలెను. ఛాయాచిత్రము ఒక దినమున, ఒక వెలుగులో, ఒక్క పురుగును చూపును. కాలు విరిగియున్నచో విరిగిన కాలునే చూపును. చేతిపుస్తకపు బొమ్మ జాతిని చూపవలెను. పోలికగల రెండు జాతులను ఒకే కొలతన, ఒకే వంపున, ఎడమవైపు పైనుండి పడు ఒకే వెలుగున నిలిపినగాని చూచువాని కన్ను తేడాను పట్టజాలదు. పిదప డివైడరుతో కొలతలు. సీతాకోక యైనచో ఒక ప్రక్క రెక్కలను గీసి, పలుచని కాగితముపై ఎత్తి, త్రిప్పి, రెండవ ప్రక్కకు దింపుదుము. నున్నని అట్ట, సన్నని సేబుల్ కుంచె, నీటిరంగులు. నల్లని పురుగుకు ఉత్త నలుపు వేయరాదు. నీలమును గోధుమరంగును కలిపిన నలుపు వేసినగాని దేహము గుండ్రన కాదు. తెలుపు చిట్టచివర, చుక్కచుక్కగ.

స్కిప్పర్ అను చిన్న నారింజరంగు చిలుకలు రెండు మా వంతున పడినవి: స్మాల్ స్కిప్పర్, ఎసెక్స్ స్కిప్పర్. పరిమాణము, రెక్కల రంగు, గడ్డిపరకపై కూర్చుండు తీరు అన్నియు ఇంచుమించు ఒక్కటే. భేదము మీసపు కొన అడుగున. మొదటిదానికి అచట నారింజ. రెండవదానికి సిరాలో ముంచి తీసినట్లు నలుపు. ఆ దేశమున చిలుకలను పట్టి పేర్లు పెట్టువారు రెండువందల ఏండ్లనుండి యున్నను, పందొమ్మిదవ శతాబ్ది చివరివరకు రెండవదాని యునికిని ఎవరును గమనింపలేదు. ఆ నల్లచుక్కను వేయుటకు మాకు ఒక్క నిముషము పట్టినది. దానిని జీవించియున్న చిలుకయందు చూచుటకు గడ్డిలో బోర్లపడుకొని మూడు ఉదయములు పట్టినది. దారిని పోవువా రొకసారి, ముసలివాడు మూర్ఛపోయెనని తలచి పరుగున వచ్చిరి.

సూదితూనీగలు మరియొక తీరు. నీలిరంగువి రెండు జాతులు కుంటలయందు కలసి తిరుగును. మగదాని పొట్ట రెండవ కణుపుపై ఒకదానికి పళ్ళెములేని గిన్నెవలె నల్లని గుర్తు. మరియొకదానికి కాడపై నిలిచిన పుట్టగొడుగు వంటి గుర్తు. గుర్తు వేయుట సులభము, నీలము వేయుట కష్టము. చచ్చిన కొద్దికాలమునకే ఆ నీలము వెలవెలబోయి బూడిద యగును. కనుక ప్రాణముతో పట్టి, డబ్బాలో నుంచి, ఫ్రిజ్జులో చల్లబరచి, కదలక కూర్చున్న కొన్ని నిముషములలో రంగు కలుపుకొని, తెచ్చినచోటనే మరల విడుచుట మా పద్ధతి. ఒకనాడు మా కుమార్తె ఆసుపత్రినుండి వచ్చి తలుపు తీసి, "నాన్నా, పెరుగు గిన్నె పక్కన ఇది కదులుతోంది" అని కేకవేసినది. తరువాత ఆ డబ్బాకు అడుగు అర ప్రత్యేకింపబడినది.

ఇక బంబుల్‌బీ. పాఠకులు మన తుమ్మెద యనుకొనరాదు. మన తుమ్మెద కొయ్యను తొలిచి గూడు చేసికొనునది. బంబుల్‌బీ దేహమంతయు కంబళి కప్పుకొన్నట్లు బొచ్చుగల చలిదేశపు తేనెటీగ. దాని ఆడవాని వెనుకకాలి పిక్క బయటివైపు నున్నగ, బల్లపరుపుగ, మెరయుచు, అంచుల వెంట పొడుగాటి వెండ్రుకలతో నుండును. అది పుప్పొడి నింపుకొను బుట్ట. ఈ జాతులలో కొన్ని మన కోకిల వంటివి. కోకిల కాకిగూటిలో గ్రుడ్డు పెట్టినట్లు, ఇవి మరియొక జాతి గూటిలో చొరబడి, అచటి రాణిని అణచివేసి తమ గ్రుడ్లు పెట్టును. ఆ యింటి పనివారే వీని పిల్లలను పెంచుదురు. ఆంగ్లేయులును కోకిల తేనెటీగ యనియే అందురు. తమకు పనివారు లేరు, తాము పుప్పొడి మోయనక్కరలేదు. కనుక వీనికి బుట్ట లేదు. వెనుక పిక్క ఉబ్బెత్తుగ, మెరపులేక, బొచ్చుతో నిండియుండును.

ఇదంతయు మాకు తెలియును. 2013 డిసెంబరులో, సాయంకాలము నాలుగుగంటలకే చీకటి కమ్ము దినములలో, గడువు నాలుగు దినములున్నదనగా ఆ పటము పూర్తిచేయుచుంటిమి. గూటి యజమానియగు జాతి రాణిని ముందే వేసియుంటిమి. దాని వంపు, కొలత కుదిరినవి గదా యని, పలుచని కాగితముపై కాళ్ళను ఎత్తి కోకిల తేనెటీగకు దింపితిమి. రంగులు మార్చితిమి, పొట్టపై పసుపు పట్టీని తీసివేసితిమి, తోక తెలుపు ప్రక్కన నిమ్మపండు రంగును చేర్చితిమి, రెక్కలను కొంచెము నల్లబరచితిమి. కాలు మాత్రము మార్చలేదు. రచయిత వ్రాసిన వాక్యములో 'బుట్ట లేదు' అని స్పష్టముగ నున్నది. ప్రక్కన మా బొమ్మలో బుట్ట నిగనిగలాడుచున్నది. ప్రూఫులు ముగ్గురము చూచితిమి. ముగ్గురికిని కనబడలేదు. 2014 వసంతమున పుస్తకము వెలువడినది. మా పేరు లోపలి పుటలో చూచుకొని, ఒక ప్రతిని కోయంబత్తూరులోని తమ్మునికి పంపితిమి.

ఏడాది గడచినది. ఏప్రిలు నెలలో ఒకనాడు పొరుగు వీధిలో నుండు వృద్ధురాలొకరు మా తలుపు తట్టిరి. పూర్వము బడిలో పాఠములు చెప్పినవారు. ఆ చుట్టుప్రక్కల ఎవరేమి తేనెటీగను చూచినను వ్రాసి పంపగా, వానిని సరిచూచి లెక్కకెక్కించుట ఆమె స్వచ్ఛందముగ పెట్టుకొన్న పని. ఒక చేత మా పుస్తకము, మరియొక చేత అగ్గిపెట్టె. వెనుక పదేండ్ల బాలుడొకడు.

"ఈ బొమ్మ మీరు వేసిందేనా?" అని అడిగిరి. అవునంటిమి. అగ్గిపెట్టె తెరచి చచ్చిన తేనెటీగను మా బల్లపై నుంచిరి. "ఈమె దొంగ. దొంగ చేతికి మీరు గంప ఇచ్చారు."

అద్దము క్రింద చూచితిమి. చూడనక్కరలేకయే తెలిసినది. ఆ బాలుడు తన పెరటిలో దానిని చూచి, పుస్తకము తీసి, ఒక్కొక్క గుర్తును పోల్చుకొనుచు వచ్చెనట. అన్నియు సరిపోయెను. కాలి కడకు వచ్చి ఆగెను. "బొమ్మలో బుట్ట ఉంది. దీనికి లేదు. కాబట్టి ఇది అది కాదు అనుకున్నాను" అని వాడు మాతో చెప్పెను. బుట్ట లేనివి మగవియని వేరొకచోట చదివి, యజమాని జాతి మగదియని వ్రాసి పంపెను. సామాన్యముగ ఏప్రిలులో ఆ జాతి మగవి తిరుగవు గనుక ఆమెకు సందేహము కలిగినది. వాని తర్కములో దోషము లేదు. వాడు మమ్ము నమ్మెను. అంతే. ఆ సంవత్సరము వచ్చిన మరి నాలుగు లెక్కలను కూడ, ఏది మా బొమ్మనుబట్టి వ్రాసినదో తేలక, ఆమె ప్రక్కన పెట్టవలసివచ్చినదట. కోపముతో చెప్పలేదు. కోపపడినచో కొంత తేలికయయ్యెడిది.

ప్రకాశకులకు ఆనాడే వ్రాసితిమి. మర్యాదగనే బదులిచ్చిరి: మరల అచ్చువేయునప్పుడు సవరించెదము, ఈలోపల ఉన్న ప్రతులు అమ్ముడుపోవలెను గదా యని. మా కుమార్తె, "నాన్నా, అంత చిన్న కాలు ఎవరు చూస్తారు?" అని ఓదార్చినది. చూచినవాడు పదేండ్లవాడు. ముప్పదినాలుగేండ్లు రైతుల గోడలకు మేము పంపిన పటములు ఒక్కొక్కటే నిద్రలో వచ్చి నిలిచెను. వానిలో ఎన్ని కాళ్ళు ఎత్తి దింపినవో! చెప్పవచ్చిన రైతు ఎవరును మా తలుపు తట్టలేదు. నెలన్నర కుంచె పట్టలేదు.

పట్టించినది కర్టిసే. ఆయన పటములకు మనుషులు ప్రతి ప్రతికి చేతితో రంగు వేయలేదా యని ఒక రాత్రి తోచినది. మరునాడు ఊరి గ్రంథాలయమునకు పోయి, మీ పుస్తకములో బొమ్మను దిద్దెదమని అడిగితిమి. అచటి ఉద్యోగిని మొదట పుస్తకమును మా చేతినుండి మెల్లగ లాగికొన్నది. మా పేరు చూపి, తప్పు చూపినమీదట కుర్చీ వేసినది. మెరయు కాగితముపై నీటిరంగు నిలువదు. రెండు ప్రతులు పాడైన పిదప ఆక్రిలిక్ రంగును చిక్కగ కలిపి, నిగారింపును చంపి, దానిపై బొచ్చును ఒక్కొక్క వెండ్రుకగ లాగితిమి. ఒక్కొక్క కాలికి పావుగంట. గ్రంథాలయములో మూడు ప్రతులు, బడిలో ఆరు, రెండు పుస్తకాలయములలో నున్నవి, ఇరుగుపొరుగువారు తెచ్చి యిచ్చినవి. ఆ బాలుడు ప్రక్కన కూర్చుండి లెక్క వ్రాసెడివాడు. వేసవి ముగియునప్పటికి అరువదిమూడు ప్రతులు. అచ్చుపడినవి వేయికి పైగ. మిగిలినవి ఏ యింట నున్నవో, ఏ పిల్లవాని చేత నున్నవో.

రెండవ ముద్రణకు ఆ పటమంతయు క్రొత్తగ వేసితిమి, కూలి పుచ్చుకొనక. 2016 ఏప్రిలులో విల్లో చెట్లు పూచినప్పుడు పదునొకండు దినములు వాని క్రింద నిలిచి, ప్రాణమున్న కోకిల తేనెటీగను చూచి వేసితిమి. ఈసారి కాళ్ళను ముందు వేసి, దేహమును తరువాత వేసితిమి. ఇది పద్ధతి కాదు. అచ్చుప్రతిని ఆ వృద్ధురాలు అద్దముతో చాలసేపు చూచి, పటమును మాకు తిరిగియిచ్చి, టీ త్రాగెదరా యని అడిగిరి.

2018లో కోయంబత్తూరు వచ్చివేసితిమి. ఆ బాలుడిప్పుడు విశ్వవిద్యాలయములో జీవశాస్త్రము చదువుచున్నాడు. గత సంవత్సరము వానినుండి తపాలాలో ఒక పొట్లము వచ్చినది. పాత పుస్తకముల అంగడిలో మొదటి ముద్రణ ప్రతి యొకటి, దిద్దనిది, వానికి దొరికినదట. లోపల ఒక కాగితముపై 64 అను అంకె తప్ప మరేమియు వ్రాయలేదు.

బల్లముందు కూర్చుండి నలుపు కలిపితిమి. చేయి వణకుటచే రెండు పర్యాయములు ఆపి, కిటికీ రెక్క తీసి మరల కూర్చుంటిమి. మూడవ పర్యాయమునకు కుంచె నిలిచినది. ఆరిన పిదప మా మనుమరాలిచే ఆ ప్రతిని అదే చిరునామాకు తిరుగు తపాలాలో పంపించితిమి.